పావగడ ఎమ్మెల్యేగారికి, ఒక డిజైన్ అంగడి నుంచి

గౌరవనీయులైన పావగడ శాసనసభ్యులవారికి,



మీకు నేను తెలియకపోవచ్చు గానీ మీ ముఖం నాకు బాగా తెలుసు. పుట్టినరోజు బ్యానరుకైనా, జాతర బ్యానరుకైనా, శని మహాత్మ గుడి దారిలో కట్టే స్వాగత బోర్డుకైనా మీ ఫోటో వెనకున్న గోడనూ మనుషులనూ తీసేసి, చెవుల పక్క వెంట్రుకలు చెదరకుండా కత్తిరించేది మాలాంటి అంగళ్ల వాళ్లమే. పై నాయకుడి కంటే మీ ముఖం కాస్త చిన్నగా, కింది నాయకుడి కంటే కాస్త పెద్దగా ఉండాలి. ఆ కొలత తప్పితే రాత్రి పదింటికైనా ఫోన్ వస్తుంది. మీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకూ ఇదే మర్యాద చేశాం. 2016లోనే మన కర్ణాటక ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సులను నిషేధించిన సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ గొడవ ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇప్పుడు అడగదలచుకున్నది వేరు. ఈ తాలూకాలో డిజైన్, ఫోటో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లలకు ప్రభుత్వం తరఫున ఒక గది కావాలి. ఆఫీసులో ఇవ్వాల్సిన అర్జీ కన్నడలో విడిగా ఇస్తాను. ఇక్కడ తెలుగులో రాస్తున్నది ఎందుకంటే, ఆ పిల్లల అమ్మానాన్నలు మాట్లాడేది తెలుగు. ఆంధ్ర సరిహద్దుకు అవతల మడకశిరలో, హిందూపురంలో, కళ్యాణదుర్గంలో ఉన్న చుట్టాలు చదివేదీ తెలుగే. వాళ్ల చెవిన కూడా ఈ మాట పడాలి.

డిగ్రీ అయిపోయి, యువనిధి పథకం కింద రెండేళ్లపాటు నెలకు మూడు వేలు తీసుకుంటూ, ఆ రెండేళ్లు అయిపోతే ఏం చేయాలో తెలియని పిల్లలు మన ఊళ్లో ఎంతమంది ఉన్నారో మీ ఆఫీసు లెక్కలే చెబుతాయి. వాళ్లలో కొందరు మా అంగడికి వచ్చి, "అన్నా, ఫొటోషాప్ నేర్పిస్తావా" అని అడుగుతారు. అప్పటికే ఎక్కడో డబ్బు కట్టి కోర్సు చేసి వచ్చినవాళ్లూ ఉంటారు. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. సర్టిఫికెట్ పెద్దది, మంచి కాగితం మీద అచ్చయింది. ఒక పిల్లను కూర్చోబెట్టి, ఏమీ లేని తెల్ల పేజీ తెరిచి, నీకు ఇష్టమైనది ఏదైనా చెయ్యమ్మా అన్నాను. చేయి కదల్లేదు. మూడు నెలలూ ఆ పిల్లకు నేర్పింది ఒక్కటే పని: బజారులో దొరికే రెడీమేడ్ ఫైలు తెరవడం, అందులో ముఖం మార్చడం, పేరు మార్చడం. ఎవరో ఎక్కడో చేసిన పూలు, ఎవరో గీసిన మండపం, ఎవరో ఎంచిన రంగు. పిల్ల తెలివైనదే. నేర్పినవాళ్లే అంతకు మించి నేర్పలేదు.

ఈ పని ఇప్పుడు ఫోన్‌లో కాన్వా, పిక్సెల్‌ల్యాబ్ ఉచితంగా చేసిపెడుతున్నాయి. కాబట్టి ముఖాలూ పేర్లూ మార్చడమే వృత్తి అనుకుంటే ఆ వృత్తి అయిపోయినట్టే. ఇక నేర్పాల్సింది ఫోన్ చేయలేనిది. మన ఊళ్లో అలాంటి పని చాలా ఉంది, చేసే చేతులే లేవు. అందులో మూడు చెబుతాను.

మొదటిది అక్షరం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడ చదువుతారు. పెళ్లిపత్రికకు మాత్రం రెండూ కావాలి. పెళ్లికొడుకుది వెంకటాపురం, పెళ్లికూతురిది పెనుకొండ వైపు అనుకోండి, ఒక పక్క కన్నడ, ఒక పక్క తెలుగు వేస్తేనే ఇరువైపులా గౌరవం. అక్కడే మా కష్టం మొదలవుతుంది. పత్రిక నెత్తిన పెట్టే "శ్రీరస్తు" అన్న మాటను యూనికోడ్ ఫాంటులో ఫొటోషాప్‌లోకి తెచ్చి అతికించి చూడండి. పాత ఫొటోషాప్ ఉండి, సెట్టింగు మార్చని కంప్యూటరులో 'శ'కు పొల్లు పడి, 'రీ' విడిపోయి పక్కన నిలబడుతుంది. 'స్తు' కూడా అంతే. ఆ పాత ఫొటోషాప్‌లో దీనికి మందు ప్రిఫరెన్సులలో టైప్ అన్న చోట ఉంది. టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్-రెడీ లేఅవుట్‌కు మార్చి, కొత్త పేజీ తెరిస్తే వత్తులు వాటి చోటికి అవి వస్తాయి. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పక, ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్సులోనే పని చేస్తున్న అంగళ్లు ఉన్నాయి. కన్నడ పక్క పాత నుడి ఫాంట్లదీ అదే కథ. అవి చెడ్డవని నేననను. ఆ ఫాంట్లతోనే రెండు రాష్ట్రాల అచ్చుపని ఏళ్లకేళ్లు నడిచింది. అయితే వాటిలో కొట్టిన మాటను ఫోన్‌కు పంపితే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. వాట్సాప్‌లో పత్రికలు పంచే కాలంలో ఇది పెద్ద లోటు.

ఇంకో ముచ్చట చెబుతాను, పిల్లలకు చెప్పినప్పుడు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది కదా. తెలుగు 'క' అంకె 3093. కన్నడ 'క' అంకె 3221. తేడా 128. 'గ' చూడండి, 'మ' చూడండి, గుడి, కొమ్ము, సున్న, పొల్లు, ఏది చూసినా తేడా అదే 128. రెండు లిపులనూ పక్కపక్క గదుల్లో ఒకే వరసలో పేర్చారు. అంటే కన్నడలో కొట్టిన చుట్టాల పేర్ల జాబితాను చిన్న ప్రోగ్రాముతో క్షణంలో తెలుగు లిపిలోకి మార్చేయవచ్చు. తర్వాత మనిషి ఒకసారి చదివి దిద్దితే చాలు. ఒకే చేతివాటంతో రెండు లిపులకూ గీసిన ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. అకాయ కన్నడకకు జోడీ అకాయ తెలివిగల. బలూ తమ్మకు జోడీ బలూ తమ్ముడు. అనేక్, నోటో కుటుంబాలు సరేసరి. పత్రికలో కన్నడ పక్క లావుగా, తెలుగు పక్క బక్కగా కనబడే అవస్థ వీటితో తీరుతుంది. రెండు లిపులూ తెలిసిన డిజైనరుకు బెంగళూరులో కూడా గిరాకీ ఉంటుంది. ఆ చదువుకు సగం పునాది మన పిల్లలకు ఇంట్లోనే పడింది. మిగతా సగం నేర్పాలి.

రెండోది ముఖం. మీది కాదు, పోయినవాళ్లది. ఇంట్లో పెద్దాయన పోతాడు. దినం లోపల గోడకు ఫోటో కావాలి. ఉన్నది ఓటరు కార్డు మీది బొమ్మ, లేకపోతే పాస్‌బుక్కు మీద స్టాంపు పడిన పాస్‌పోర్టు సైజు ఫోటో. దాన్ని 12 అంగుళాలకు 18 అంగుళాలు చేయమంటారు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఆ పటానికి 3600కు 5400 చుక్కలు కావాలి. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోటోను 1200 మీద స్కాన్ చేసినా వెడల్పులో వచ్చేది 1650 చుక్కలు. మిగిలినవి ఎక్కడినుంచి తేవాలి? ఇప్పుడు ఏఐ తెస్తుంది. సెకన్లలో తళతళలాడే ముఖం ఇస్తుంది. అందులో చెంప మీది పుట్టుమచ్చ పోతుంది, వంకర పన్ను చక్కనవుతుంది, కంట్లో ఎవరిదో చూపు వస్తుంది. ఇంటివాళ్లు దాన్ని చూసి, బాగుందనలేక, మా నాయన కాదనలేక నిలబడతారు. ఆ క్షణంలో అంగట్లో ఉండి చూసినవాడికి ఈ పని విలువ తెలుస్తుంది.

నేర్పాల్సిన పద్ధతి నిదానమైనది. అసలు ఫోటోను ముట్టకుండా దాని మీద నకలు పొర వేసుకోవాలి. స్టాంపు గీతను చిన్న బ్రష్షుతో కొంచెం కొంచెంగా, చర్మం గరుకు పోకుండా తుడవాలి. 2002లో ఫొటోషాప్ 7తో హీలింగ్ బ్రష్ వచ్చింది ఈ పనికే. ఉచితంగా దొరికే జింప్‌లోనూ అలాంటిదే ఉంది. 12కు 18 చేస్తే ముఖం చెదురుతుందని తెలిస్తే, 8కి 12 చాలమ్మా అని చెప్పే ధైర్యం కూడా నేర్పాలి. ఇంకో పాత ఫోటో, పెళ్లినాటి గ్రూపు ఫోటో అయినా సరే, వెతికి తెమ్మని అడిగే ఓపికా కావాలి. ఏఐని వాడొద్దని నేననను. మచ్చ ఎక్కడ పోయిందో చూసి తిరిగి పెట్టగల కన్ను ఉన్నవాడి చేతిలోనే అది పనిముట్టు.

ఇదే వరసలో ఒక చేదు మాట. "పాపను కొంచెం తెల్లగా చెయ్యన్నా" అని ప్రతి పెళ్లి ఆల్బమ్‌కూ అడుగుతారు. శెనక్కాయ చేలల్లో ఎండకు మాగిన మేనమామ, పెళ్లిపీటల మీద పెళ్లికూతురు, అందరూ ఒకే పాలరంగులో అచ్చవుతారు. నాకు ఇది నచ్చదు. అసలు తప్పు చాలాసార్లు మండపంలోని ఎల్ఈడీ లైట్లది. అవి ముఖానికి నీలమో, పచ్చో పులుముతాయి. పెళ్లికొడుకు తెల్లపంచె మీద డ్రాపర్ పెట్టి, ఆ తెలుపును తెలుపుగా నిలబెడితే, ముఖాలు వాటి రంగులో అవి వస్తాయి. చామనఛాయ ఎంత కళగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఇది నేర్పడానికి ఒక పూట పడుతుంది, ఒప్పించడానికి తరం పడుతుందేమో.

మూడోది, మీ దృష్టికి ముఖ్యంగా తేవాల్సింది, మగ్గం. మన తాలూకాలోని వై.ఎన్. హొసకోటలో పట్టుచీరలు నేసే ఇళ్లున్నాయి. అంచుకో, బుట్టాకో కొత్త డిజైన్ కావాలంటే ముందు గ్రాఫ్ గీయాలి, గ్రాఫ్ చూసి అట్టలకు రంధ్రాలు కొట్టాలి, ఆ అట్టలు జాకార్డు మీద ఎక్కాలి. ఆలోచించి చూస్తే గ్రాఫ్‌లోని ఒక్కో గడీ కంప్యూటరులోని ఒక్కో పిక్సెలే. 240 కొక్కీల జాకార్డు అయితే 240 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ. బొమ్మ ఎత్తులో ఎన్ని వరసలుంటే అన్ని అట్టలు. జింప్‌లో అంత సైజు పేజీ తెరిచి, మోడ్‌ను ఇండెక్స్‌డ్ చేసి, రెండే రంగులు పెట్టుకుని, బ్రష్షు పక్కన పెట్టి పెన్సిల్ సాధనంతో గీస్తే గ్రాఫ్ తయారు. మోడ్ మార్చకుండా బ్రష్షు వాడితే అంచుల్లో మసక రంగులు వస్తాయి, మగ్గానికి మసక తెలియదు. పోగు లేవాలి, లేదా లేవకూడదు. డిజైన్ అతుకు కలిసిందో లేదో చూడ్డానికి ఆఫ్‌సెట్ కొట్టి అంచులను మధ్యకు తెచ్చుకుంటే చాలు.

కంప్యూటరు తెలిసిన పిల్లవాడికి ఇంతవరకు వస్తుంది. ఇక్కడినుంచి నేతగాడు చెప్పాలి. పడుగు పోగులూ పేక పోగులూ అంగుళానికి ఒకే లెక్కన ఉండవు కాబట్టి తెర మీద గుండ్రంగా గీసిన బుట్టా చీర మీద కోలగా సాగుతుంది. ఆ నిష్పత్తి చూసి ముందే సర్దుకోవాలి. ఒకే రంగు గడులు వరసగా ఎక్కువ పెడితే పోగు కట్టు లేకుండా తేలిపోయి, కట్టుకున్న మొదటి రోజే గాజుకో మెట్టెకో తగులుకుంటుంది. మధ్యమధ్య కట్టు వేయాలి. ఈ సంగతులు ఏ వీడియోలోనూ అంత తేలిగ్గా దొరకవు, మన తాలూకాలో వీధరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడిగితే దొరుకుతాయి. ఆయనను ఆ గదికి పిలిపించి, పాఠానికి ఇంత అని ఇచ్చి కూర్చోబెట్టాలి. ఉచితంగా వచ్చి చెప్పమనడం మర్యాద కాదు.

బొమ్మ గీయడం రాని పిల్లలకు ఏం దారి అంటారు. గీతకు మన చుట్టుపక్కల ఉన్నంత బడి ఇంకెక్కడా లేదు. హిందూపురం దాటితే లేపాక్షి. లతామండపం స్తంభాల మీద చెక్కిన పూలతీగలు, గడుల అల్లికలు చీర అంచులకు ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. కప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాల్లో మనుషులు కట్టిన బట్టల నమూనాలే ఒక ఏడాది పాఠం. ఫోన్‌తో ఆ స్తంభాన్ని ఫోటో తీసి, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో కింద పరిచి, పెన్ టూల్‌తో ఒక తీగను గీయించాలి. తీగ వంపుకు పది చుక్కలు పెట్టినవాడికి గీత గతుకులుగా వస్తుంది, మూడు చుక్కలతో తెచ్చినవాడికి పని వచ్చినట్టు. ఈ వంపుల లెక్కను 1960లలో ఫ్రాన్సులో కారు బాడీల కోసం వాడుకలోకి తెచ్చిన ఇంజనీరు పియెర్ బెజియే. నేటి ఫాంట్ల అక్షరాలూ అదే జాతి వంపుల మీద నిలబడతాయి. పిల్లలకు ఈ కథ చెప్పాలి, పెన్ టూల్ అంటే భయం పోతుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరు. తోలుబొమ్మకు తల వేరు, చేతులు వేరు, కీళ్ల దగ్గర దారంతో కట్టు. ఈనాటి టూడీ యానిమేషన్‌లో బొమ్మను పొరలుగా కోసి కీళ్లు పెట్టేదీ అదే పద్ధతి. తోలుకు కొట్టే చిన్నచిన్న రంధ్రాల గుండా వెలుతురు వచ్చి నగలవుతుంది. ఖాళీ చోటును ఎలా వాడాలో దాన్ని మించిన పాఠం నేను చూడలేదు. పిల్లలను ఒక బస్సులో అక్కడికి తీసుకెళ్లడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఫొటోషాప్, కోరెల్‌డ్రా మంచివే. 2013 నుంచి అడోబీ వాళ్లది అద్దె పద్ధతి. చిన్న అంగడికి ఆ అద్దె భారం, కాబట్టి దొంగ కాపీలు నడుస్తున్నాయి. తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ప్రభుత్వ గదిలో పిల్లలకు ఆ అలవాటు నేర్పకూడదు. జింప్, ఇంక్‌స్కేప్, క్రీటా, స్క్రైబస్, ఇవన్నీ ఉచితం, చట్టబద్ధం. జింప్, ఇంక్‌స్కేప్‌లలో తెలుగు, కన్నడ వత్తులు ఏ సెట్టింగూ మార్చకుండానే సరిగ్గా కూర్చుంటాయి. లోటు లేదనను. ఆఫ్‌సెట్ అచ్చుకు నాలుగు రంగుల్లో ఫైలు ఇవ్వడంలో జింప్ ఫొటోషాప్ అంత సులువు కాదు. ఆ పని స్క్రైబస్‌లో చేయించాలి. అప్పుడే పిల్లలకు అచ్చు రహస్యం ఒకటి తెలుస్తుంది: తెర మీది నలుపును అలాగే పంపితే అది నాలుగు సిరాల నలుపవుతుంది, యంత్రంలో వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల తలకట్లు అలుక్కుపోతాయి. అక్షరానికి ఒక్క నల్ల సిరాయే వాడాలి. ఇది తెలియక పారేసిన పత్రికల కట్టలు మన ఊళ్లో చాలా ఉన్నాయి.

డబ్బు ఎక్కడిది అంటారేమో. తిరుమణి, వళ్లూరు, బళసముద్ర, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ల పొలాల్లో 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమి ఉన్న రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలైన కౌలు వస్తోంది. భూమి లేని కూలీ ఇంటికి ఆ కౌలు రాదు. ఆ ఇంటి పిల్లలకు పలకలు కడిగే పనో, కాపలా పనో, బెంగళూరు బస్సో మిగిలాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం తగినంత లాభమున్న కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు పెట్టాలి, తాము పనిచేసే చుట్టుపక్కలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇక్కడ కరెంటు అమ్ముకుంటున్న కంపెనీలను పిలిచి ఈ మాట అడగడానికి మీకంటే తగినవాళ్లు లేరు. మేం అడిగితే గేటు దగ్గరే ఆపుతారు.

అడిగేది పెద్దది కాదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనో, తాలూకా గ్రంథాలయంలోనో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉండే ఒక గది. పది మామూలు కంప్యూటర్లు, ఒక మంచి స్కానరు, ఒక ప్రింటరు, బొమ్మ గీసుకునే టాబ్లెట్లు నాలుగు. ఆడపిల్లలు ఎనిమిదింటికి బయలుదేరి ఇల్లు చేరేందుకు నాగలమడికె, వై.ఎన్. హొసకోట వైపు ఒక బస్సు సమయం సర్దాలి. ఇది మరిచిపోతే గది మొత్తం మగపిల్లలతోనే నిండుతుంది. పరీక్ష అంటూ పెడితే ప్రశ్నపత్రం వద్దు. రెండు లిపుల్లో ఒక పెళ్లిపత్రిక, బాగుచేసిన ఒక పాత ఫోటో, మగ్గం ఎక్కగలిగే ఒక అంచు, ఈ మూడు పనులు చేసి చూపిస్తే సర్టిఫికెట్ ఇవ్వండి. మీ ఆఫీసు వేసే ఆరోగ్య శిబిరాల పోస్టర్లు, పంచాయతీల నీటి ఫ్లోరైడ్ హెచ్చరికలు ఆ పిల్లలకే ఇచ్చి, చేసిన పనికి డబ్బు ఇప్పించండి. తాగొద్దన్న నీటి బోర్డు కూడా చదవరాని అక్షరాల్లో ఉంటోంది మన దగ్గర.

మొదటి నెల పాఠాలు నేను జీతం లేకుండా చెబుతాను. ఆ తర్వాత నేర్పడానికి వచ్చేవాళ్లకు, నాతో సహా, జీతం ఉండాలి. కాలేజీలు తెరిచే లోపల గదికీ, కరెంటు మీటరుకూ ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పావగడలో డిజైన్ అంగడి నడుపుకునే మీ ఓటరు